బహుమతి మొత్తం కాదు, షరతులు చదవండి

(ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? వినపడనివాళ్ళు చేతులెత్తండి. ఎవరూ ఎత్తలేదు. అంటే అందరికీ వినపడుతోందనీ అనుకోవచ్చు, అసలేమీ వినపడలేదనీ అనుకోవచ్చు. క్లాసులో కూడా మన పరిస్థితి ఇదే కదా.

విద్యారంగంలో విశేష కృషి చేసినవాళ్ళకిచ్చే అంతర్జాతీయ బహుమతుల గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే కళ్ళముందు ఏం కనిపిస్తుంది? వేదిక, లైట్లు, మనిషంత పొడుగు చెక్కు. నేను ఆ చెక్కు గురించి కాదు, దాని వెనక చిన్న అక్షరాల్లో ఉండే షరతుల గురించి చెప్తాను. డబ్బు ఎంతిస్తున్నారన్నది పేపర్లో వస్తుంది. ఎలా ఇస్తున్నారు, ఎవరికి ఇవ్వం అంటున్నారు, ఇచ్చాక ఏం చెయ్యమంటున్నారు, ఇవి పేపర్లో రావు. కానీ చదువంటే ఏమిటని ఆ ఇచ్చేవాళ్ళు అనుకుంటున్నారో తెలిసేది అక్కడే.

ముందు ఒక మాట తేల్చుకుందాం. 'విద్యారంగ నోబెల్' అన్న మాట మీరు పేపర్లో చదివే ఉంటారు. దేని గురించి చదివారు? గ్లోబల్ టీచర్ ప్రైజ్‌నీ అలాగే అంటారు. వైజ్ ప్రైజ్‌నీ అంటారు. యిడాన్ ప్రైజ్‌నీ అంటారు. మూడింటికీ అదే బిరుదు. ఎందుకంటే అసలు నోబెల్లో చదువుకి కుర్చీ లేదు. ఆల్ఫ్రెడ్ నోబెల్ 1895లో రాసిన వీలునామాలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వైద్యం, సాహిత్యం, శాంతి, ఈ ఐదే ఉన్నాయి. అర్థశాస్త్రాన్ని చాలా తర్వాత, 1968లో, స్వీడన్ కేంద్ర బ్యాంకు తెచ్చి కలిపింది. చదువు చెప్పేవాళ్ళు ఆ ఇంట్లోకి వెళ్ళాలంటే శాంతి గుమ్మంలోంచే వెళ్ళాలి. మారియా మాంటిస్సోరి పేరు 1949, 1950, 1951, మూడేళ్ళు వరసగా శాంతి బహుమతికి వెళ్ళింది. మూడుసార్లూ రాలేదు. 2014లో మలాలాకీ కైలాశ్ సత్యార్థికీ వచ్చింది. చాలా సంతోషం. కానీ అది పిల్లల చదువు హక్కు కోసం నిలబడినందుకు వచ్చింది, పాఠం చెప్పినందుకు కాదు. రెండూ గొప్పవే. రెండూ ఒకటి కాదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక బహుమతికి మా సహోద్యోగి పేరు పంపాలని నేనే పట్టుబట్టాను. ఏ బహుమతో వదిలేయండి. ఆవిడ లెక్కల టీచరు. భాగహారం రాని పిల్లలంటే అందరం ఆవిడ దగ్గరికే పంపేవాళ్ళం. ఫారం తెచ్చి ముందు పెట్టాను. పేరు, అనుభవం, చదువు, అవన్నీ పది నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత ఒక పెద్ద గడి వచ్చింది. 'మీరు తెచ్చిన మార్పు ఏమిటి? ఆధారాలతో వివరించండి.' ఆవిడ పెన్ను పట్టుకుని ఆ గడిని చాలాసేపు చూసింది. "సార్, శేషం ఎందుకు మిగులుతుందో ఒక పిల్లకి ఈ ఏడాది అర్థమైంది. అది రాయనా?" అంది. నేను ఏం చెప్పాలో తెలీక, "అది కాదండీ, ఇంకా పెద్దది..." అన్నాను. ఇంకా పెద్దది! అంటూనే నాకు సిగ్గేసింది. లెక్కల టీచరు చెయ్యగలిగిన పనుల్లో అంతకంటే పెద్దది ఏముంటుంది? ఆ ఫారం సంగతి మళ్ళీ చెప్తాను.

సరే, గ్లోబల్ టీచర్ ప్రైజ్. పెట్టింది వార్కీ ఫౌండేషన్. సన్నీ వార్కీ కేరళలో పుట్టి, దుబాయ్‌లో స్థిరపడి, అక్కణ్ణుంచే పెద్ద ప్రైవేటు స్కూళ్ళ వ్యాపారం నడిపినాయన. 2015 నుంచి ఇస్తున్నారు. మొత్తం 10 లక్షల డాలర్లు. అందరూ ఇక్కడే ఆగిపోతారు. మనం ఆగొద్దు. ఆ డబ్బు చేతిలో పెట్టి పంపించరు. పదేళ్ళపాటు, ఏడాదికి లక్ష చొప్పున, వాయిదాల్లో ఇస్తారు. ఇంకో షరతు, గెలిచాక కనీసం ఐదేళ్ళు టీచరుగానే ఉండాలి. ఎందుకు పెట్టారంటారు ఈ షరతు?

చేతులెత్తక్కర్లేదు, మీ నవ్వులోనే తెలుస్తోంది. పది లక్షల డాలర్లు ఒక్కసారి వస్తే మర్నాడు ఎంతమంది క్లాసుకొస్తారు? ఈ వృత్తి నుంచి మనుషులు జారిపోతారని బహుమతి పెట్టినాయనకి ముందే తెలుసు. ఆ భయాన్నే రూల్ కింద రాసుకున్నాడు. నాకు ఆ రూల్ నచ్చింది. టీచరు విలువ క్లాసులో ఉన్నంతకాలమేనని ఒప్పుకుంటోంది కాబట్టి. మిగతా తతంగం మాత్రం... 2016లో విజేత పేరు వీడియోలో పోప్ ఫ్రాన్సిస్ ప్రకటించారు. 2017లో అంతరిక్ష కేంద్రం నుంచి థామస్ పెస్కే అనే వ్యోమగామి ప్రకటించాడు. టీచరు పేరు చదవడానికి అంతరిక్షం దాకా వెళ్ళాల్సొచ్చింది. మన హాజరు పట్టీ మనమే చదువుకుంటాం పాపం.

మొదటి విజేత నాన్సీ ఆట్‌వెల్. అమెరికాలో మెయిన్ రాష్ట్రం. ఆవిడ క్లాసులో పిల్లలు ఏ పుస్తకం చదవాలో పిల్లలే ఎంచుకునేవాళ్ళు, ఏడాదికి సగటున 40 పుస్తకాలు చదివేవాళ్ళు. వచ్చిన డబ్బంతా తను పెట్టిన బడికే ఇచ్చేసింది. అక్కడితో అయిపోతే అందమైన కథే. గెలిచిన కొద్దిరోజులకి టీవీ వాళ్ళు అడిగారు, యువతని ఈ వృత్తిలోకి రమ్మంటారా అని. ఏం చెప్పాలి? ఇలాంటి బహుమతి పెట్టిందే టీచర్ వృత్తికి గౌరవం పెంచడానికి కదా. ఆవిడేమో, ప్రభుత్వ బడుల్లో అంతా పరీక్షలూ ప్రమాణాలూ అయిపోయాయి, తెలివీ సృజనా ఉన్నవాళ్ళు ఇప్పుడు అటు వెళ్ళమని చెప్పలేను, స్వతంత్రంగా నడిచే బడి దొరికితే తప్ప, అన్న అర్థం వచ్చేలా చెప్పింది. పెద్ద గొడవైంది. నాకు మాత్రం ఆవిడ మీద గౌరవం పెరిగింది. వేదిక మీద పూలు తీసుకున్నాక కూడా స్టాఫ్‌రూమ్‌లో మాట్లాడినట్టే మాట్లాడింది.

2019లో కెన్యా నుంచి పీటర్ తబిచి. ఆయన ఫ్రాన్సిస్కన్ సన్యాసి, సైన్సు టీచరు. అప్పట్లో జీతంలో 80 శాతం బీద పిల్లలకి ఇచ్చేసేవాడు. బడిలో కంప్యూటరు ఒక్కటే ఉండేది. ఆయన గురించి ఇంకా చెప్పొచ్చు కానీ ముందుకి వెళ్దాం, ఎందుకంటే 2020 విజేత దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

మహారాష్ట్ర, సోలాపూర్ జిల్లా, పరితేవాడి. జిల్లా పరిషత్ ప్రాథమిక పాఠశాల. రంజిత్‌సింహ్ డిసలే 2009లో అక్కడికి వెళ్ళేసరికి బడి పాడుబడి ఉంది, ఒకవైపు పశువుల కొట్టం, ఇంకోవైపు సామాన్ల గది. పాఠ్యపుస్తకం భాష వేరు, పిల్లల ఇంటి భాష వేరు. ఆయన ముందు పిల్లల భాష నేర్చుకున్నాడు. తర్వాత పుస్తకాన్ని ఆ భాషలోకి మార్చి, పేజీల్లో క్యూఆర్ కోడ్‌లు పెట్టాడు. ఫోను చూపిస్తే పాట, వీడియో పాఠం, కథ వస్తాయి. క్యూఆర్ కోడ్ గురించి అందరూ రాశారు. ముందు ఆయన భాష నేర్చుకున్నాడన్నది ఎంతమంది రాశారు? సాంకేతికం ఆ తర్వాత వచ్చింది. వరస ముఖ్యం.

ఆ ఏడాది 140కి పైగా దేశాల నుంచి 12 వేలకి పైగా నామినేషన్లు. అందులోంచి పదిమంది ఫైనల్‌కి. అందులోంచి ఒక్కడు. ఆ ఒక్కడూ ఏం చేశాడు? గెలిచిన వెంటనే, సగం డబ్బు మిగతా తొమ్మిదిమందికీ పంచేస్తానన్నాడు. 5 లక్షల డాలర్లని తొమ్మిదితో భాగించండి. లెక్కల టీచర్లున్నారుగా. మనిషికి 55 వేల పైచిలుకు. శేషం కూడా మిగులుతుంది.

దీన్ని అందరూ దాతృత్వం అన్నారు. నేను దాన్ని ఇంకోలా చూస్తాను. ఎవరో ఒక్కరికే ఇవ్వాలన్న రూల్‌కి ఆయన ఇచ్చిన జవాబు అది. పన్నెండు వేలమందిలో ఒకణ్ణి తీసి, నువ్వే ఉత్తమం అంటే, ఆ పోలిక ఏ తూకంతో తూచారు? కెనడా మంచు ప్రాంతంలో, విమానం తప్ప దారి లేని సలూయిట్ అనే ఇన్యూట్ ఆదివాసుల ఊళ్ళో, పిల్లల ఆత్మహత్యల మధ్య పనిచేసిన మ్యాగీ మెక్‌డొనెల్‌నీ, లండన్ శివార్లలో ఇంటింటికో భాష ఉన్న పిల్లలకి బొమ్మలెయ్యడం నేర్పిన ఆండ్రియా జఫిరాకూనీ ఒకే త్రాసులో ఎలా పెడతారు? ఇద్దరూ వేర్వేరు సంవత్సరాల్లో గెలిచారు, అదృష్టం. ఒకే ఏడాది వచ్చుంటే ఒకరు ఓడిపోయేవారు. ఓడిపోవడమంటే ఏమిటి ఇక్కడ? చెప్పండి. ఏం తక్కువ చేసినట్టు?

అదీ ఈ బహుమతితో నా పేచీ. దీనికి కథ కావాలి. కథ ఉన్న టీచరు కావాలి. శరణార్థి శిబిరం, మంచు, అనాథ పిల్లలు. అవన్నీ నిజాలే, నేను వెటకారం చెయ్యడం లేదు. కానీ మామూలు ఊళ్ళో, మామూలు బడిలో, ముప్ఫై ఏళ్ళు మంచి పాఠం చెప్పినవాళ్ళకి కథ ఉండదు. మా లెక్కల టీచరుకి కథ లేదు. శేషం అర్థమైన పిల్ల ఉంది, అంతే.

ఇప్పుడు వైజ్ ప్రైజ్‌కీ యిడాన్ ప్రైజ్‌కీ వద్దాం. ఈ రెండింటినీ కలిపి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. నోట్ చేసుకునేవాళ్ళు ఇది చేసుకోండి.

వైజ్ ప్రైజ్ ఖతార్ ఫౌండేషన్ పెట్టింది. మొదట్లో 5 లక్షల డాలర్లు. మొదటి నాలుగేళ్ళ విజేతలు చెప్తాను. 2011లో బంగ్లాదేశ్ స్వచ్ఛంద సంస్థ 'బ్రాక్' స్థాపకుడు ఫజ్లే హసన్ ఆబెద్. 2012లో మన దేశంలో పిల్లల చదువు కోసం పనిచేసే 'ప్రథమ్' సంస్థ నుంచి మాధవ్ చవాన్. 2013లో కొలంబియా విక్కీ కోల్‌బర్ట్. 2014లో ఆఫ్రికాలో ఆడపిల్లల్ని చదివించే 'క్యామ్‌ఫెడ్' స్థాపించిన ఆన్ కాటన్. నాలుగు పేర్లు. గుర్తుపెట్టుకోండి.

యిడాన్ ప్రైజ్ 2016లో మొదలైంది. టెన్సెంట్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన చార్లెస్ చెన్ యిడాన్ హాంగ్‌కాంగ్‌లో పెట్టారు. ఏటా రెండు బహుమతులు. ఒకటి విద్యా పరిశోధనకి, ఒకటి విద్యాభివృద్ధికి. రెండోదాని విజేతలు చూడండి. 2017లో విక్కీ కోల్‌బర్ట్. 2019లో ఫజ్లే హసన్ ఆబెద్. 2020లో క్యామ్‌ఫెడ్. 2021లో ప్రథమ్ నుంచి రుక్మిణీ బెనర్జీ. చూశారా? ఖతార్ వాళ్ళు మొదటి నాలుగేళ్ళలో ఎంచుకున్న నలుగురి సంస్థలూ, అన్నీ, ఇటు కూడా వచ్చేశాయి.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఒకటి, ఇది చిన్న ఊరు, అందరూ అందరికీ చుట్టాలే, ఒకరికి వచ్చిన చోటే ఇంకోటి వస్తుంది. ఇందులో కొంత నిజం ఉంది. కాదనను. డబ్బున్నవాడికే అప్పు పుట్టినట్టు, పేరున్నవాడికే బహుమతి పుడుతుంది. రెండోది, లక్షలమంది పిల్లల దాకా వెళ్ళి, ఇరవై ముప్ఫై ఏళ్ళు నిలబడిన పనులు లోకం మొత్తం మీద వెతికినా వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. ఇదీ నిజమే. ఈ రెండో నిజం నన్ను ఎక్కువ భయపెడుతుంది.

అయితే ఆ పనులేమిటో దగ్గరగా చూడాలి. బహుమతుల గురించి చెప్పేటప్పుడు అందరూ ఇక్కడ ఒక్క వాక్యంతో దాటేస్తారు. విక్కీ కోల్‌బర్ట్ పని 'ఎస్క్వేలా న్యూవా', అంటే కొత్త బడి. 1970ల నడిమి నుంచి కొలంబియా పల్లెల్లో మొదలైంది. ఒక గది, ఒక టీచరు, ఐదు తరగతులు. మనలో ఎంతమంది అలాంటి గదిలో పనిచేశాం? చాలామంది. ఏం చేస్తాం? మూడో తరగతికి లెక్క ఇచ్చి, ఒకటో తరగతికి దిద్దించి, ఐదో తరగతిని కేకలెయ్యకుండా కూర్చోమంటాం. వాళ్ళు ఏం చేశారంటే, పాఠాన్ని టీచరు నోట్లోంచి తీసి మార్గదర్శినుల్లో పెట్టారు. పిల్లలు చిన్న గుంపులుగా బల్ల చుట్టూ కూర్చుని, ఆ పుస్తకంలో చెప్పినట్టు చదువుకుంటూ, చేసుకుంటూ, మాట్లాడుకుంటూ వెళ్తారు. ఎవరి వేగం వాళ్ళది. అసలు సంగతి ఇక్కడుంది, వినండి. కోతల కాలంలో పిల్లవాడు బడి మానేశాడనుకోండి. మనకైతే ఏమవుతుంది? వెనకబడ్డాడు, ఫెయిలు. అక్కడ? తిరిగొచ్చి, తను ఆపిన పేజీ దగ్గరే మొదలుపెడతాడు. పై తరగతికి వెళ్ళడం క్యాలెండరుని బట్టి కాదు, పాఠం పూర్తయినదాన్ని బట్టి. ఫెయిల్ అన్న మాటకి అక్కడ పనే లేదు. ఇంత చిన్న మార్పు! దీనికి రెండు బహుమతులు రావడం తక్కువే అంటాను.

ప్రథమ్ వాళ్ళది ఇంకా చిన్నది. ఒక్క కాగితం. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని మాటలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ. 2005 నుంచి 'అసర్' సర్వే వాళ్ళు ఆ కాగితం పట్టుకుని ఇంటికి వెళ్తారు. బడికి కాదు, ఇంటికి. పిల్ల ఎదురుగా కూర్చుని, చదవమ్మా అంటారు. ఐదో తరగతి పిల్ల రెండో తరగతి కథ చదవలేకపోతే, పక్కనే నిలబడ్డ తల్లికి కూడా తెలిసిపోతుంది. చదువురాని తల్లికి కూడా. మార్కుల జాబితా చెయ్యలేని పని ఆ కాగితం చేసింది. పాకిస్తాన్, కెన్యా, ఉగాండా, టాంజానియా, సెనెగల్, మెక్సికో, ఇలా చాలా దేశాలు ఆ పద్ధతి తీసుకున్నాయి.

క్యామ్‌ఫెడ్ సంగతి. ఆన్ కాటన్ 1991లో జింబాబ్వే వెళ్ళింది, ఆడపిల్లల్ని బడికి ఎందుకు పంపరో తెలుసుకుందామని. సంప్రదాయం అడ్డొస్తుందేమో అనుకుంది. తీరా చూస్తే అడ్డం డబ్బు. ఇద్దరు పిల్లల్లో ఒకరికే ఫీజు కట్టగలిగితే, ఆ ఒకరు అబ్బాయి అవుతాడు. వెనక్కొచ్చి, కేంబ్రిడ్జ్ మార్కెట్లో కేకులు చేసి అమ్మి డబ్బు పోగుచేసింది. 1993లో 32 మంది అమ్మాయిలతో మొదలు. ఆ తొలినాళ్ళ అమ్మాయిల్లో ఒకరు ఏంజెలీన్ మురిమిర్వా. 2020లో యిడాన్ ప్రైజ్ క్యామ్‌ఫెడ్‌కి వచ్చినప్పుడు, అప్పట్లో ఆ సంస్థని నడిపిన లూసీ లేక్‌తోపాటు తీసుకున్న రెండో మనిషి ఎవరు? ఆవిడే. ఏంజెలీన్. ఫీజు కట్టించుకుని చదివిన పిల్లే వచ్చి బహుమతి తీసుకుంది. మధ్యలో ఎన్నేళ్ళు? సుమారు పాతికేళ్ళు పైనే. 1993లో ఎవరైనా ఆన్ కాటన్ ముందు ఫారం పెట్టి, 'మార్పుకి ఆధారం చూపండి' అంటే ఏం చూపించేది? కేకులమ్మిన డబ్బుకి రసీదులు చూపించేది.

ఆబెద్‌కైతే యిడాన్ ప్రైజ్ వచ్చాక ఎక్కువ సమయం కూడా దొరకలేదు. ప్రకటన వచ్చింది 2019 సెప్టెంబర్‌లో, ఆయన పోయింది అదే ఏడాది డిసెంబర్‌లో. ఆయన పెట్టిన ఒక్క గది బడులు 1985 నుంచి నడుస్తున్నాయి. అంటే మనం బహుమతి ఇచ్చే సమయానికి, పని చేసినవాళ్ళ వయసు అయిపోతోంది.

యిడాన్ వాళ్ళ షరతు చెప్పలేదు కదా. ఒక్కో బహుమతికి 3 కోట్ల హాంగ్‌కాంగ్ డాలర్లు. ఇందులో సగమే చేతికి. మిగతా సగం ప్రాజెక్టు నిధి, అంటే ఆ పనినే ఇంకా ముందుకి తీసుకెళ్ళడానికి. వార్కీ షరతు, నువ్వు బడి వదిలిపోకు, అంటుంది. యిడాన్ షరతు, నీ పని నీతో ఆగకూడదు, అంటుంది. ఒకటి మనిషిని పట్టుకుంటుంది, ఇంకోటి పనిని పట్టుకుంటుంది.

పరిశోధన బహుమతి తొలిసారి కరోల్ డ్వెక్‌కి వచ్చింది, 2017లో. 'గ్రోత్ మైండ్‌సెట్' అని మీరు ట్రైనింగుల్లో వినీ వినీ విసిగిపోయి ఉంటారు. తెలివి పుట్టుకతో గీసిన గీత కాదు, పెంచుకోవచ్చు అని పిల్లలు నమ్మితే చదువు మారుతుందన్నది. 2019లో నేచర్ పత్రికలో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. అమెరికాలో 12 వేలమంది దాకా తొమ్మిదో తరగతి పిల్లలు, గంట కూడా పట్టని ఆన్‌లైన్ పాఠం. మార్కులు తక్కువ వచ్చే పిల్లల గ్రేడు సగటున 0.1 పాయింటు పెరిగింది. సుమారు నాలుగు పాయింట్ల స్కేలు మీద. తక్కువా, ఎక్కువా? గంట పనికి అది తక్కువేం కాదు. కానీ గోడ మీద అంటించే పోస్టర్లు చెప్పేటంత ఎక్కువా కాదు. బహుమతి వచ్చిందంటే ప్రశ్న ముగిసిందనుకోకూడదని చెప్పడానికి ఇది చెప్పాను.

ఫలితం చూపిస్తేనే డబ్బు అనే బహుమతి కూడా ఒకటుంది. గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్. 2014లో ప్రకటించారు, మొత్తం కోటిన్నర డాలర్లు. టీచరు లేకుండా, టాబ్లెట్‌తో, పిల్లలు తమంతట తాము చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకోవాలి. టాంజానియాలో మారుమూల ఊళ్ళలో 15 నెలలు పరీక్షించారు. మొదట్లో 90 శాతానికి పైగా పిల్లలు స్వాహిలీలో ఒక్క మాట కూడా చదవలేకపోయారు. 15 నెలలకి ఆ సంఖ్య సగానికి తగ్గింది. 2019లో రెండు జట్లు, వన్‌బిలియన్, కిట్‌కిట్ స్కూల్, పెద్ద బహుమతి పంచుకున్నాయి, చెరో 50 లక్షల డాలర్లు. షరతు ఏమిటంటే ప్రోగ్రాం ఎవరైనా వాడుకునేలా బయట పెట్టెయ్యాలి. ఇది నాకు బాగా నచ్చిన షరతు.

టీచరు లేకుండా అన్నారు కదా. ఆ ఊళ్ళలో సోలార్ ఛార్జింగ్ ఎవరు చూసుకున్నారు? ఊరికో ఆవిడ. 'మామా' అనేవాళ్ళు. మన మామ కాదు, స్వాహిలీలో మామా అంటే అమ్మ. టాబ్లెట్లకి ఛార్జింగ్ పెట్టి, పిల్లలకి తిరిగిచ్చేది ఆవిడ. అంటే పెద్దమనిషి లేని చదువు అక్కడా లేదు. టీచర్ల పట్టీలో లేదంతే.

యునెస్కో బహుమతులు చాలా ఉన్నాయి, అన్నీ చెప్తే మీరు లేచి వెళ్ళిపోతారు. డబ్బు తక్కువ. వెతకాల్సింది పేర్లని. అక్షరాస్యత బహుమతులు 1967 నుంచి ఇస్తున్నారు. ఒకప్పుడు ఇరాన్ షా పేరు మీద ఒకటుండేది. షా పోయాడు, అదీ పోయింది. లెనిన్ భార్య క్రుప్స్కాయా పేరు మీద సోవియట్ యూనియన్ ఒకటి ఇచ్చేది. ఆ దేశమే లేదు, బహుమతీ లేదు. 1989లో దక్షిణ కొరియా కింగ్ సెజోంగ్ పేరున ఒకటి పెట్టింది, 2005లో చైనా కన్ఫ్యూషియస్ పేరున. అక్షరాలు దిద్దుకునే ముసలమ్మకి తెలీదు తన వెనక ఏ దేశం జెండా ఉందో. ఇంకో సంగతి, వీటికి మీ అంతట మీరు దరఖాస్తు పెట్టుకోవడానికి లేదు. మీ దేశ ప్రభుత్వం గానీ, యునెస్కోతో అధికారిక భాగస్వామ్యం ఉన్న సంస్థ గానీ పేరు పంపాలి. ప్రభుత్వానికి నచ్చని అక్షరాస్యత పని ఆ గుమ్మం దాకా వస్తుందా? ఆలోచించండి.

అయినా సెజోంగ్ పేరు పెట్టడం చాలా బాగుంది. ఎవరీయన? 15వ శతాబ్దపు కొరియా రాజు. చైనా లిపి జనానికి కొరుకుడు పడటం లేదని, వాళ్ళ నోటి మాటకి సరిపోయేలా 28 అక్షరాల కొత్త లిపి తయారుచేసి 1446లో విడుదల చేశాడు. తెలివైనవాడు పొద్దెక్కేలోపు నేర్చుకుంటాడు, మందబుద్ధి అయినా పది రోజుల్లో నేర్చుకుంటాడు అని ఆ లిపిని వివరించే గ్రంథం చివర రాశారు. ఈ బహుమతి మాతృభాషలో అక్షరాస్యత కోసం పనిచేసినవాళ్ళకి. ఇదేదో మనసుకి సంబంధించిన విషయం అనుకుంటారు కొందరు. కాదు. 2019లో అర్థశాస్త్రం నోబెల్ పంచుకున్న మైకేల్ క్రెమర్, కెన్యాలో పుస్తకాలు లేని బడులకి ఉచితంగా పాఠ్యపుస్తకాలిచ్చి ఏం జరుగుతుందో చూశాడు. సగటు మార్కులు కదల్లేదు. ముందునుంచే బాగా చదివేవాళ్ళకే లాభం. ఎందుకని? పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. చాలామంది పిల్లలకి అది మూడో భాష. పుస్తకం చేతిలో ఉంది, లోపలికి వెళ్ళే దారి లేదు. పరితేవాడిలో డిసలే ముందు చేసిన పని గుర్తొచ్చిందా?

గణిత బోధనకి ఫెలిక్స్ క్లైన్ పతకం, హాన్స్ ఫ్రాయిడెంథాల్ పతకం ఉన్నాయి, 2003 నుంచి. అమెరికాలో లూయీవిల్ విశ్వవిద్యాలయం ఇచ్చే గ్రోమైయర్ బహుమతి ఉంది, లక్ష డాలర్లు. అది మనిషికి కాదు, ఒక ఆలోచనకి ఇస్తారు. చివరి ఎంపికలో ఆ రంగం నిపుణులు కానివాళ్ళు కూడా ఉంటారు. మామూలు మనిషికి అర్థంకాని ఆలోచన ఎంత గొప్పదైతే ఏం అని దాత ఉద్దేశం. పేరెంట్స్ మీటింగ్ పెట్టి థీసిస్ చదివినట్టు. నాకు ఇష్టమే, కానీ సమయం లేదు, చీటీ వచ్చింది.

ఆ ఫారం సంగతి చెప్పి దిగిపోతాను. వారం రోజులు ఆవిడ టేబుల్ మీదే ఉంది. గడువు తేదీ దగ్గర పడింది. నేను వెళ్ళి అడిగాను, ఏమైందండీ అని. సొరుగులోంచి తీసి చూపించింది. ముందువైపు, మార్పుకి ఆధారం అడిగిన గడి అలాగే ఖాళీగా ఉంది. వెనక్కి తిప్పింది. వెనకవైపు అంతా భాగహారాలు. వేరే చేతిరాత, పిల్లరాత. కాగితం ఒకవైపు ఖాళీగా ఉందని లెక్కలు చెయ్యడానికి ఇచ్చేసిందట. ఏడు లెక్కల్లో ఐదు ఒప్పు. ఆరోదాంట్లో శేషం రాయడం మర్చిపోయింది. ఆవిడ ఎర్ర పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టి ఉంది.